దూతగారి జలుబు

గుట్టపాడు చర్చి దొడ్లో మార్తమ్మ అని ఒక పెట్ట ఉండేది. మంచి నోరున్న మనిషి. కోడిని పట్టుకుని మనిషంటావేంటని నన్నడక్కండి, ఆ నోరు వింటే మీరూ అదే మాటంటారు. పాస్టరమ్మగారు పొద్దున్నే చల్లే నూకలతో తనూ, పిల్లలూ హాయిగా బతికేవాళ్లు.

ఈసారేమైందంటే, పాస్టరుగారి ఇంటిల్లిపాదీ ప్రార్థన కూటాలకని వాగు దాటి వెళ్లారు. వాళ్లటు వెళ్లడమేంటి, ఇటు వాన పట్టుకుంది. వాగు పొంగింది. మనుషులు ఆవలి ఒడ్డున, నూకల డబ్బా తాళమేసిన ఇంట్లో, దొడ్లోనేమో మోకాలి లోతు నీళ్లు. పిల్లలకి గింజ లేదు, పురుగు లేదు. అందరికంటే చిన్నది నిలబడలేక గోడకి చేరగిలబడింది. దాన్ని చూస్తే మార్తమ్మ గుండె తరుక్కుపోయింది.

"ఏం చేద్దామంటావ్ వదినా?" అన్నాడు దొడ్డి కుక్క సంసోను. గజ్జి పట్టి ఒంటి మీద బొచ్చు సగం రాలిపోయినా, వాడి బలం మాత్రం ఇసుమంత తగ్గలేదు.

"చేసేదేముంది, దేవుడు చూసుకుంటాడు."

"చూస్తూనే ఉన్నాడు వదినా. పెట్టే సంగతే తేల్చడం లేదు."

"నోర్ముయ్!" అని కసిరి, మార్తమ్మ కళ్లు మూసుకుంది. "తండ్రీ! నాకేం వద్దు. ఈ పసివాళ్లకి గుప్పెడు గింజలు చాలు!" అని గుట్ట దద్దరిల్లేలా ప్రార్థన చేసింది. దేవుడికి చెవుడు లేదు. ఆ మాటకొస్తే కంచె అవతల పొంచి ఉన్న గుంటనక్కకీ లేదు.

తెల్లారేసరికి దొడ్లో నీళ్లు తీశాయి. గూటి ముందు జొన్నలు! ఒకటి, దాని పక్కన ఇంకోటి, అలా వరసగా కంచె సందులోంచి బయటికి. పిల్లలు కిచకిచమంటూ ఎగబడ్డాయి, నిలబడలేని చిన్నదానికి మాత్రం ఒక్కటీ దక్కలేదు. ఇంతలో బ్రహ్మజెముడు పొదలోంచి ఒక గొంతు లేచింది.

"మార్తమ్మా! నీ ప్రార్థన పైకి చేరింది. నేను దేవదూతని. ఈ గింజల వెంబడే పిల్లల్ని తీసుకుని రా. చివర్న రాశి పోసి పెట్టాను."

మార్తమ్మ ముక్కుకి నక్క కంపు తగిలింది. పిల్లల్ని గబుక్కున రెక్కల కిందికి లాక్కుంది. "దూతగారూ, తమరి గొంతు బొంగురు పోయినట్టుందే?"

"జలుబమ్మా."

"పైన కూడా జలుబులుంటాయా?"

"ఉండవేంటి! ఈ వానంతా ఎక్కణ్ణుంచి పడుతోందనుకున్నావ్?"

మార్తమ్మకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వెళ్తే నక్క నోట్లోకి. వెళ్లకపోతే చిన్నది సాయంత్రం దాకా ఆగేలా లేదు. 'తండ్రీ, గింజలైతే కళ్లముందే ఉన్నాయి, దారే కాస్త తేడాగా ఉంది, ఏం చెయ్యమంటావ్?' అని లోపల్లోపలే అడిగింది. అడిగీ అడక్కముందే దారి తోచింది.

"వస్తామండీ. కాకపోతే ప్రార్థన ఫలించాక కృతజ్ఞత కూటం పెట్టకుండా మెతుకు ముట్టడం మా ఇంటావంటా లేదు."

"కూటమా? అంటే?"

"నలుగుర్నీ పిలిచి, రెండు పాటలు పాడి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పుకుని, ఆనక భోజనాలు."

నలుగురా! నలుగురంటే నాలుగు బొద్దు పెట్టలని లెక్కేసుకుంది నక్క. ఆశ లావు, పీక సన్నం. "నలుగురేం ఖర్మ, నీ వాళ్లందర్నీ పిలు! కూటం మా ఇంట్లోనే పెట్టుకో!" అని చొంగ తుడుచుకుంటూ బొరియలోకి పరిగెత్తింది. ఒకటే వాకిలి ఉన్న బొరియ. పళ్లు నూరుకుంటూ లోపల కూచుంది.

కాసేపటికి బయట అడుగుల చప్పుడైంది. కోళ్ల అడుగులు ఇంత బరువుగా ఉంటాయా అనుకుంటూ నక్క తొంగి చూసింది. వాకిట్లో సంసోను. వాడి వెనక వాడి బాబాయి కొడుకులు, అందరూ కుక్కలే. పక్కన బాతు సలోమి, గాడిద యోబు. అందరి వెనకాల, పిల్లల్ని చుట్టూ పెట్టుకుని మార్తమ్మ.

"ముందుగా యోబన్న ఒక పాట పాడతాడు," అంది మార్తమ్మ.

యోబు పాడాడు. బొరియ కప్పు నించి మట్టి రాలింది. ఒక్క చరణంతో ఊరుకోడే! నక్క చెవులు రెండూ మూసుకుంది. పాటయ్యాక సలోమి ప్రార్థనకి లేచి, ఊళ్లో జ్వరాలొచ్చినవాళ్లందర్నీ పేరు పేరునా తలుచుకుంది. కళ్లు మూసుకోకుండా చేసే భక్తుడు సంసోను ఒక్కడే, వాడు బొరియ వంకే చూస్తున్నాడు.

"ఇప్పుడు మనకింత మేలు చేసిన దూతగారు బయటికొచ్చి సాక్ష్యం చెబుతారు," అంది మార్తమ్మ.

"నాకు... జలుబు," అంది నక్క లోపల్నుంచి.

"అయితే మేమే లోపలికొచ్చి ప్రార్థన చేస్తాం!" అని సంసోను తల దూర్చాడు.

నక్క కెవ్వుమని వాడి మీంచి దూకింది. "ఏంటి వదినా, దూతకి రెక్కల్లేవు, తోకుంది!" అని సంసోను తరుముకున్నాడు. సలోమి ముక్కుతో ఒకటి పొడిచింది. యోబు, కూటం మధ్యలో అయినా సరే, వెనక్కాలితో ఒకటి ఇచ్చాడు.

వాకిట్లో రాశి రాశిలాగే ఉంది. చిన్నది మొదటి గింజ మింగి, రెండోది మింగి, మూడోదాని కోసం అన్నతో కొట్లాటకి దిగింది. అది చూసి మార్తమ్మ అందరి ముందే భోరుమంది.

"నక్కని తెలిసే వచ్చావా వదినా?" అన్నాడు సంసోను రొప్పుతూ తిరిగొచ్చి.

"ఆ కంపు తెలీకపోవడానికి నాకేమైనా జలుబా? గింజలు పంపింది దేవుడే. పాపం, మోసినవాడికే ఆ సంగతి తెలీదు."

నక్క కుంటుకుంటూ పక్క గుట్ట మీద మేనమామ ఇంటికి చేరింది.

"ఏమైందిరా అల్లుడూ?"

"విందు పెట్టాను మామా. సరుకు నాదే, ఇల్లూ నాదే, తన్నులు తిన్నదీ నేనే!"

నీతి: పెట్టేవాడు పైవాడైతే మోసేది నక్కయినా ఫర్వాలేదు; కాకపోతే ఆ విందుకి ఒంటరిగా మాత్రం వెళ్లకూడదు.