ఏకగ్రీవం

కూర్మారావుకు కొన్నాళ్లుగా కంటి మీద కునుకు లేదు. అతని రసాయనాల కంపెనీ షేర్ మార్కెట్లో ఉంది. ఫ్యాక్టరీలో గ్యాస్ ట్యాంకుకు పగులు వచ్చిందని ఇంజనీర్లు చెప్పారు. ప్రహరీ గోడకు అవతలే జనం ఉండే కాలనీ. వాటాదారులకు పంపే వార్షిక నివేదికలో కంపెనీకి ఉన్న ముప్పులేమిటో చెప్పాలి. ఈ పగులు సంగతి రాస్తే షేరు ధర పడిపోతుంది. తెల్లారితే నివేదిక అచ్చుకు వెళ్తుంది.

ఏం చెయ్యాలో తోచక భీమిలి దగ్గర ఆశ్రమానికి వెళ్లి, తన గురువు పరదేశి స్వామితో అంతా చెప్పుకున్నాడు.

"రాయొద్దని ఎవరన్నారు?" అని అడిగారు స్వామి.

"మా బోర్డు, స్వామీ. ఏకగ్రీవంగా తీర్మానించారు. ప్రమాదం జరగకపోవచ్చు కదా, అనవసరంగా జనాన్ని భయపెట్టడమెందుకన్నారు."

బోర్డులో ఎవరెవరున్నారో కూడా చెప్పాడు. బావమరిది, మేనమామ, వియ్యంకుడు. స్వతంత్ర డైరెక్టరు కూడా ఉన్నాడన్నాడు, కాస్త గర్వంగానే. ఆ స్వతంత్రుడు ఇతని చిన్ననాటి స్నేహితుడు. అందరినీ తనే ఏరికోరి పెట్టుకున్నాడు.

"ఏకగ్రీవమంటే ఒకటే మెడ కదయ్యా. తలలెన్ని ఉంటేనేం," అని నవ్వారు స్వామి.

తర్వాత మిరియాల పాలు తెప్పించి ఇచ్చారు. చుట్టూ ఆశ్రమంలోని శిష్యులు కూర్చుని ఉన్నారు. కూర్మారావు తాగేసి గ్లాసు కింద పెట్టాడు.

"పొద్దున ఆ పాలల్లో బల్లి పడింది. తీసి పారేశాం," అన్నారు స్వామి మామూలుగా.

కూర్మారావు ఉలిక్కిపడ్డాడు. శిష్యుల వంక చూశాడు.

"అవును, మేమూ చూశాం," అన్నారు వాళ్లు తలలూపుతూ.

"చూసి కూడా ఒక్కరైనా చెప్పలేదేం?"

"ఏమీ కాకపోవచ్చు కదా. అనవసరంగా నిన్ను భయపెట్టడమెందుకనుకున్నాం," అన్నారు స్వామి.

అతను పెరట్లోకి పరుగెత్తి, అరటి మొక్కల దగ్గర అంతా కక్కేశాడు. చచ్చిపోతానేమోనన్న భయం ఒకవైపు. నమ్ముకున్న గురువే ఇంత పని చేశారేమిటన్న బాధ అంతకన్నా ఎక్కువగా ఉంది. ముఖం కడుక్కుని తిరిగొచ్చాడు.

"బల్లీ లేదు, ఏమీ లేదు. కూర్చో," అన్నారు స్వామి.

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఎందుకైనా మంచిదని శిష్యులను అడిగాడు, నిజమేనా అని.

"నిజమే, బల్లి పడలేదు," అన్నారు వాళ్లంతా. మళ్లీ అలాగే తలలూపారు.

కూర్మారావు ఒక్కొక్క ముఖంలోకీ చూశాడు. ఒక్కరు కూడా అతని కళ్లలోకి చూడలేదు. అందరూ స్వామి వైపే చూస్తున్నారు.

"ఇప్పుడు ఎవరిని అడుగుతావు నాయనా?" అన్నారు స్వామి.