దీవెనమ్మ పొలిమేర

సముద్రం ఊరికి ఇంకాస్త దగ్గరగా ఉన్న రోజుల్లో, ఉప్పు మాత్రం అప్పుడూ ఇంతే ఉప్పగా ఉన్న రోజుల్లో, కొఠారుపేట అని ఒక పేట ఉండేది. ఆ పేటలో ఒక గుడి, ఒక చట్టం, ఒక గాడిద ఉండేవి. గుడి యేసయ్యది. చట్టం సంఘపెద్ద మోషయ్యది. గాడిద దీవెనమ్మది.

దీవెనమ్మ ముసలిది. నా అన్నవాళ్ళెవరూ లేరు. ఉప్పు మూటలు గాడిద మీద వేసుకుని పై ఊళ్ళకు తోలుకుపోయేది. గాడిద పేరు హోసన్న. యేసయ్య గాడిదెక్కి ఊరేగిన మట్టల ఆదివారం నాడు పిల్లలంతా తాటిమట్టలు ఊపుతూ, హోసన్నా హోసన్నా అని అరుస్తూ దాన్ని గుడి చుట్టూ తిప్పేవాళ్ళు. ఆ ఒక్కరోజు దానికి పూలదండ, బెల్లంముక్క. మిగతా రోజులన్నీ ఉప్పు మూటలే. మనలో చాలామంది బతుకూ అంతేగా!

ఆ గాడిదకు ఇంకో పని కూడా ఉండేది. పేటలో ఎవరైనా దొంగతనం చేస్తే మొహాన మూడు సున్నపు బొట్లు పెట్టాలి. గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టాలి. పొలిమేర రాయి దాటించి దింపెయ్యాలి. రాయి దాటినవాళ్ళు మళ్ళీ లోపల అడుగు పెట్టకూడదు. ఒక తప్పుకు ఒక్కసారే గాడిద. అదీ మోషయ్య చట్టం.

ఆ పేటలోనే గిద్యోను అని ఒకడుండేవాడు. పేరు చూస్తే బైబిల్లో యుద్ధవీరుడిది. మాటలు కోటలు దాటేవి, కాలు గడప దాటేది కాదు. కల్లుపాకకైతే మాత్రం అడక్కుండానే దాటేది. దీవెనమ్మ ఎదురుపడితే చాలు, "అత్తా, మీ ఇద్దర్లో గాడిదెవరే?" అని పకపకా నవ్వేవాడు. వాడి భార్య సలోమి అప్పుడు నెలలు నిండిన మనిషి.

ఈస్టరుకు ముందు ఉపవాసాల శ్రమల దినాలు వచ్చాయి. పేటలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి గుడిలో బానలో వేసేవాళ్ళు. అవి ఈస్టరు నాడు పేటంతా కలిసి తినే ప్రేమవిందుకు. పిల్లలు రోజూ వెళ్ళి బానలోకి తొంగిచూసి వచ్చేవాళ్ళు. ఒక మధ్యాహ్నం అందరూ ఉప్పుమళ్ళలో ఉండగా గిద్యోను బాన బోర్లించి, బియ్యం గోతంలో పోసుకుని, కల్లుపాకకు బయల్దేరాడు.

గోతానికి చిల్లు ఉంది. దొంగకు తొందర ఎక్కువ, చూపు తక్కువ.

జనం పని నుంచి తిరిగొచ్చేసరికి పేటలో కోళ్ళన్నీ గుడి గుమ్మం దగ్గర్నుంచి తాటితోపు దాకా బారులు తీరి గింజలు ఏరుకుంటున్నాయి. కోళ్ళ వెంట మనుషులు వెళ్ళారు. చివరి కోడి దగ్గర గిద్యోను కూర్చుని పాటలు పాడుతున్నాడు.

దొరికాక మత్తు దిగింది. మోషయ్య కాళ్ళ మీద పడ్డాడు.

"తప్పయిపోయింది పెద్దయ్యా! సలోమికి రేపో మాపో కాన్పు. నన్ను తరిమేస్తే దాన్నెవరు చూస్తారు?"

"పిల్లల నోటికాడి కూడు ఎత్తుకుపోయేటప్పుడు సలోమి గుర్తురాలేదంట్రా?"

సలోమి గుంజను పట్టుకుని ఏడుస్తోంది. సున్నం తెచ్చారు. దీవెనమ్మ గాడిదను తోలుకొచ్చింది. పగ్గం పట్టుకుని నిలబడుతుందిలే అనుకున్నారంతా. ఆవిడ చీర కాస్త పైకి దోపుకుని, గాడిదెక్కి, వెనక్కి తిరిగి కూర్చుంది.

"దిగు దీవెనమ్మా! నువ్వెక్కావేంది?" అన్నాడు మోషయ్య.

"ఒక తప్పుకు ఒక్కసారే గాడిద అన్నావుగా మోషన్నా. ఎవరెక్కాలో చెప్పలేదుగా. పెట్టు సున్నం."

"రాయి దాటితే మళ్ళీ రాలేవు."

"తెలుసులే."

"వాడు నిన్ను చూసి, నీ గాడిదను చూసి నవ్వినోడు."

"బాగానే నవ్వుతాడు. పళ్ళు మంచివి."

"మరి ఎందుకమ్మా?"

"మట్టల ఆదివారం గాడిదెక్కినాయన శుక్రవారానికి సిలువెక్కాడు. నా బదులెక్కాడు. నేనేమన్నా మంచిదాన్నని ఎక్కాడా? ఇన్నేళ్ళూ గుళ్ళో ఆ మాట విని తలూపా. తలూపడం తేలికే అన్నా. ఒక్కసారి ఎక్కి చూడనియ్యి."

మోషయ్య సున్నం అందుకున్నాడు. బొట్లు మూడూ వంకరగా పడ్డాయి.

గిద్యోను 'హమ్మయ్య' అనుకున్నాడు. ఉన్నమాట చెప్పాలిగా, ముందు అదే అనుకున్నాడు. ఊరేగింపు కదిలింది. ఎప్పుడూ పేడ విసిరే జనం ఆ రోజు ఒక్కరూ చెయ్యెత్తలేదు. "వెనక్కి కూర్చోబెడితే ఇదే సుఖం. మీ అందరి మొహాలూ చూసుకుంటూ పోవచ్చు!" అంది దీవెనమ్మ. అలా చూస్తూ చూస్తూ గిద్యోనును చూసి నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉంటుందేమోనని వాడు వెతికాడు. లేదు. రాయి దగ్గరకు వచ్చేసరికి వాడు అక్కడే కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ రోజు నుంచి గిద్యోను కల్లుపాక వైపు తిరిగి చూడలేదు. బానలో బియ్యం తిరిగి నింపాడు. రాయి అవతల దీవెనమ్మకు తాటాకులతో గుడిసె వేసి ఇచ్చాడు. రోజూ పొద్దున్నే కుండతో నీళ్ళు మోశాడు. సలోమికి ఆడపిల్ల పుడితే దీవెన అని పేరు పెట్టి, రాయి మీదుగా ముసలమ్మ చేతికి అందించాడు. ఆవిడ ఎప్పటిలాగే ఉప్పు తోలుకుంటూ, ప్రతివాళ్ళనూ రాయి అవతలి నుంచే ఆటపట్టిస్తూ హాయిగా బతికింది.

ఒక ఈస్టరుకు గిద్యోను మోషయ్యను అడిగాడు, "అత్తను లోపలికి రానియ్యి పెద్దయ్యా." మోషయ్య "చట్టం చట్టమే" అన్నాడు. మరో ఈస్టరుకు అడిగాడు. "చూద్దాంలే" అన్నాడు. ఇంకో ఈస్టరుకు అడిగాడు. మోషయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఒక ఏడు, ఈస్టరుకు ముందురోజు, దీవెనమ్మ గుడిసెలో నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. సమాధుల దొడ్డేమో రాయి లోపల ఉంది. ఈస్టరు తెల్లవారుతుండగా పేటంతా రాయి దగ్గర నిలబడింది. ఇవతల జనం, అవతల దీవెనమ్మ.

"రాయి దాటినవాళ్ళు లోపలికి రాకూడదు. నా నోటితో నేనే పెట్టా," అని మోషయ్య తల పట్టుకున్నాడు.

"అత్త లోపలికి రాకూడదు, సరే," అన్నాడు గిద్యోను. "రాయి బయటికి పోకూడదని ఉందా పెద్దయ్యా?"

గడ్డపార తెచ్చి రాయి మొదలు తవ్వాడు. భుజం ఆనించాడు. కదల్లేదు. మోషయ్య కండువా తీసి పక్కన పడేసి పక్కనే భుజం ఆనించాడు. కదల్లేదు. అప్పుడు పేటంతా వచ్చి చేయి వేసింది. రాయి దొర్లింది. గుడిసె దాటి దొర్లింది. దీవెనమ్మ ఉన్నచోట ఉండగానే ఊళ్ళోకి వచ్చేసింది! ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. ఇక అదీ ఊరేగా అని ఆవిడను అక్కడే మట్టి చేసి, ఆ యేటి ప్రేమవిందు అక్కడే వండుకు తిన్నారు.

గాడిద చట్టం ఆ రోజుతో సరి. ఇప్పటికీ కొఠారుపేటలో ఈస్టరు తెల్లవారుజామున అందరూ వెళ్ళి ఆ రాయిని కాస్త అవతలికి జరుపుతారు. ఆ యేడు తప్పు చేసినవాళ్ళు ముందు భుజం పెడతారు. ఏం తప్పని ఎవరూ అడగరు. ఒక్కో ఏడు ముందు నిలబడడానికి చోటు చాలదు, నవ్వులాటగా ఉంటుంది. కొలతల ఉద్యోగి ఎప్పుడు వచ్చినా తన పటమూ ఆ ఊరూ కలవక కొలత గొలుసు చుట్టుకుని వెళ్ళిపోతాడు. ఇంట్లో కుండ పగలగొట్టిన పిల్ల మీద తల్లి చెయ్యెత్తితే, మూలనున్న ముసలమ్మ "రాయి జరపవే" అంటుంది. ఎత్తిన చెయ్యి దిగుతుంది.

మీరు ఆ దారిన వెళితే, మీ ఊరి పొలిమేర ఎక్కడని ఎవరినైనా అడగండి.

"ఈ యేటికి ఇక్కడ" అంటారు.