సాక్స్-9 భక్తుడు

తారకేశ్వరరావుకి ఏడుపొక్కటే తక్కువ. సోమవారం పీహెచ్‌డీ కమిటీ ముందు నిలబడాలి. ఇవాళ శుక్రవారం. నాలుగేళ్ళ పరిశోధన కాస్తా గంగలో కలిసిపోయిందని పొద్దున్నే మైక్రోస్కోపులో కనబడింది.

మనవాడు పనిచేసేది కాలేయం మీద. అక్కడ తయారైన పైత్యరసాన్ని పేగుల్లోకి చేరవేసే సన్నటి గొట్టాలుంటాయి, పిత్తనాళాలంటారు. తల్లి కడుపులో ఉండగానే కొన్ని లేత కణాలు అలా గొట్టాలుగా మారడం మొదలుపెడతాయి. ఏ కణం ఏమవ్వాలో లోపలుండి జన్యువులకి పురమాయించే ప్రోటీన్లే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. వాటిలో సాక్స్-9 అనేదానికి తారకం పరమ భక్తుడు. "అది లేకపోతే గొట్టమే లేదు" అని క్యాంటీన్లో టీ తాగడానికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

సాక్స్-9 తీసేసిన ఎలుకపిల్లల కాలేయాన్ని, అవి పుట్టిన వెంటనే చూడడం అతని అలవాటు. గొట్టానికి ఓ పక్క గోడ లేచి, రెండో పక్క లేవకుండా అరకొరగా ఉండేది. ఇంకేం కావాలి!

అక్క పెళ్ళికని తణుకు వెళ్ళి, టైఫాయిడ్ తగులుకుని, నెల దాటాక తిరిగొచ్చాడు. ఈలోగా ఒక ఈత పిల్లలు బోనులోనే పెద్దవైపోయాయి. సరే, వాటినీ ఓసారి చూద్దామనుకున్నాడు. చూస్తే గొట్టాలు గుండ్రంగా, నిండుగా, నిక్షేపంలా ఉన్నాయి.

ఎలుకలు గానీ తారుమారయ్యాయేమోనని డీఎన్‌ఏ పరీక్ష మళ్ళీ చేశాడు. తారుమారేమీ లేదు. సాక్స్-9 లేదు, గొట్టాలున్నాయి.

స్లైడ్లు పట్టుకుని గైడ్ మంగతాయారు గారి గదికి పరిగెత్తాడు. ఆవిడ తాపీగా చూశారు.

"ఈ పెద్ద ఎలుకల సంగతి ఇంకెవరికీ తెలీదు మేడం," అన్నాడు తారకం. "సోమవారం నాడు, అప్పుడే పుట్టిన పిల్లల్ని మాత్రమే చూపిస్తే... గట్టెక్కేస్తాను."

అంటుంటేనే సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. అయినా అనేశాడు.

మేడం తిట్టలేదు. స్లైడ్లు పక్కన పెట్టి లేచారు.

"ఇక్కడ వెలుతురు చాలట్లేదురా. ఈ బల్ల కిటికీ దగ్గరికి వేద్దాం. అటు పట్టు."

పాతకాలపు టేకు బల్ల, ఏనుగంత బరువు. ఇద్దరూ ఎత్తారు. సగం దూరం వెళ్ళాక మేడం తన వైపు మెల్లిగా దించేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు.

"మేడం!"

"మోకాళ్ళ నొప్పులురా నాకు. నువ్వు కానియ్."

తారకం తోశాడు. బల్ల కీచుమంది. ఇటొచ్చి లాగాడు, అటెళ్ళి మళ్ళీ తోశాడు. చొక్కా తడిసి ముద్దయింది. పక్క ల్యాబువాళ్ళు తొంగిచూసి నవ్వుకుని వెళ్ళారు. మేడం మాత్రం చెయ్యి కూడా వెయ్యలేదు. ఎట్టకేలకి బల్ల కిటికీ కింద ఆగింది.

"చేరిందా?" అన్నారు మేడం.

"చేరింది."

"నేను వదిలేసినా?"

"చేరిందిలెండి, కాకపోతే ఆలస్యం..."

తారకం గబగబా వెళ్ళి, అప్పుడే పుట్టిన పిల్ల స్లైడూ పెద్ద ఎలుక స్లైడూ తెచ్చి, కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టాడు. సగం లేచిన గోడ ఒకదాన్లో, పూర్తయిన గొట్టం ఇంకోదాన్లో. రెండూ నిజమే. దాచాల్సింది ఏదీ లేదు.

అమ్మయ్య! పొద్దుట్నించీ గుండెల మీదున్న బండ ఎవరో దింపేసినట్టయింది. నవ్వొచ్చేసింది వాడికి, కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

"అయితే సాక్స్-9 లేనప్పుడు ఇంకెవరో తోశారన్నమాట. ఎవరు మేడం?"

మంగతాయారు గారు కుర్చీలో కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటున్నారు.

"నన్నడుగుతావేంట్రా? ఆ రెండూ చూపించి, సోమవారం కమిటీవాళ్ళనడుగు."