గెడ్డ గెడ్డకీ దిగాల

సన్యాసయ్య గారిని ఎవరు ఏ సందేహం అడిగినా ఆయన చెప్పే మాట ఒక్కటే: "ఎక్కు."

అడిగినవాడు బండెక్కి స్టీరింగు పట్టుకోవాలి. ఆయన పక్క సీట్లో కూర్చుంటారు. దారిలో ఏదో ఒకటి జరుగుతుంది. అది చూసి అర్థమైతే సరే, కాకపోతే బండి తుడిచి ఇంటికి పోవాలి. పేరుకి సన్యాసయ్యే గానీ ఆయనకి మఠమూ లేదు, కాషాయమూ లేదు. ఇద్దరు కూతుళ్ళు, నలుగురు మనవలు, పూటకో చుట్ట ఉన్న గృహస్థు. నలభై ఏళ్ళ పాటు కొండ కింది గుమ్మిలవలస నుంచి కొండ మీది పల్లెలకి జీపు తోలి, ఆ ఘాటు దారిలో స్టీరింగు పట్టిన ప్రతివాడికీ గురువుగారయ్యారు. ఆయన ముందు ఏ డ్రైవరూ చుట్ట వెలిగించడు, కాలు మీద కాలు వేసుకోడు. కళ్ళు మసకబారి తోలడం మానేశాక కూడా పక్క సీటు మాత్రం ఆయన ఎవరికీ వదల్లేదు.

ఆయన దగ్గర పద్దెనిమిదేళ్ళుగా ఉన్న శిష్యుడు గౌరీసు. గురువుగారి పచ్చ జీపుదీ గౌరీసుదీ ఇంచుమించు ఒకే వయసు. ఆ జీపుకి రెండో గేరు పడాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి. ఎడమ మలుపులో తలుపు దానంతట అదే తెరుచుకునేది, కుడి మలుపులో మూసుకునేది. చలికాలం పొద్దున్నే అది మొరాయిస్తే గౌరీసు బానెట్టు మీద చెయ్యి వేసి బతిమాలుకునేవాడు, కాసేపటికి అది మాట వినేది. పెళ్ళాం దగ్గు కంటే జీపు దగ్గే వాడికి ముందు వినిపిస్తుందని ఊళ్ళో వెక్కిరించేవారు. ఆ మాటలో అబద్ధం పెద్దగా లేదు.

అలాంటి జీపుని గురువుగారు మాఘమాసంలో అమ్మేశారు. కొన్నది పట్నం పెద్దమనిషి. దానికి రంగు వేయించి తన అతిథిగృహం ముందు నిలబెట్టుకుంటాడట. గౌరీసు జీపు వెనకాల వీధి చివరిదాకా నడిచి వెళ్ళాడు. ఆ పూట అన్నం తినలేదు. గురువుగారు మాత్రం తాళంచెవి కొన్నాయన చేతిలో పెట్టేసి, టీ ఏమైందని లోపలికి కేకేశారు.

మర్నాడు కొత్త బండి వచ్చింది. తెల్లగా, ఎత్తుగా ఉంది. గేర్లు అదే మార్చుకుంటుంది, దిగుడులో బ్రేకులు అదే వేసుకుంటుంది, వెనక ఏముందో అద్దంలాంటి తెర మీద చూపిస్తుంది. గురువుగారికి అది తెగ నచ్చేసింది. ఏసీ పెట్టించుకుని, చలేస్తోందని మంకీ టోపీ తగిలించుకుని, మహారాజులా కూర్చునేవారు. మూడోరోజున ఆయన చిన్నల్లుడు, స్కూటరు తప్ప ఇంకేదీ నడిపి ఎరగని మనిషి, ఆ బండిని ఘాటులో మూడో మలుపు దాకా ఎక్కించి నవ్వుతూ దిగొచ్చాడు. గౌరీసుకి గుండెలో కలుక్కుమంది. మూడో మలుపు దాకా సాఫీగా ఎక్కించడానికి తనకి ఏడాదిన్నర పట్టింది.

ఆ బాధ నెలరోజులు లోపలే ఉంచుకున్నాడు. చివరికి ఓ సోమవారం పొద్దున్న, కొండ మీద జాకరపుట్టులో, బండి అద్దం తుడుస్తూ గురువుగారిని అడిగేశాడు.

"గురువుగారూ, పద్దెనిమిదేళ్ళు ఆ జీపు మీద నేర్చుకున్నాను. జీపు పోయింది. మరి నేర్చుకున్నది ఏటైనట్టు?"

"ఎక్కు," అన్నారు గురువుగారు.

ఆ పొద్దున వాళ్ళు జాకరపుట్టులో ఎందుకున్నారో చెప్పాలి. ఆ ఊరి పుట్టుకలో మొదటిసారి అయిదుగురు ఆడపిల్లలు పదో తరగతి పరీక్షలు రాస్తున్నారు. గుమ్మిలవలస హాస్టల్లో ఉండి చదువుకున్నారు. మధ్యలో రెండు రోజులు సెలవులొచ్చేసరికి, కొండ ఊళ్ళలో చేసుకునే ఇటుకల పండక్కి ఇంటికెళ్తామని ఏడుపు మొదలెట్టారు. పిల్లలు కొండెక్కితే మళ్ళీ వేళకి దిగరని వార్డెనమ్మ భయం, అందుకని పంపనంది. సన్యాసయ్య గారు వెళ్ళి, సోమవారం పరీక్ష వేళకి నా బండిలో నేనే తెచ్చి దింపుతాను అని మాటిచ్చారు. ఆయన మాట మీద ఆవిడ పంపింది. ఆదివారం సాయంత్రం గురుశిష్యులిద్దరూ బండి తీసుకుని పైకి వచ్చి పడుకున్నారు. తెల్లారేదాకా వాన, అది కూడా ఆ నెలలో ఎవరూ అనుకోని వాన. సోమవారం లెక్కల పరీక్ష. తొమ్మిదిన్నరకి గేటు మూసేస్తారు, ఆ తరవాత ఎవరు బతిమాలినా తెరవరు.

ఏడు గంటలకి బయల్దేరారు. పిల్లలు వెనక సీట్లలో సర్దుకున్నారు. వాళ్ళలో గురుబారి అనే పిల్ల మహా చురుకు. అది సూత్రాలు పైకి చదువుతుంటే మిగతా నలుగురూ అప్పజెబుతున్నారు. పాత జీపు చప్పుడులో అయితే ఒక్క ముక్క వినపడేది కాదు, ఆ సంగతి గౌరీసు కూడా ఒప్పుకున్నాడు.

దారిలో అయిదు గెడ్డలున్నాయి. గెడ్డంటే కొండవాగు. ఇక్కడ గురువుగారి పాత చాదస్తం ఒకటి చెప్పకపోతే కథ నడవదు. పచ్చ జీపు ముందు చక్రం ఒక్కోదాని నడుమ అరచేతిలో పట్టేంత బిళ్ళ ఒకటి ఉండేది. డ్రైవర్లు దాన్ని హబ్బు అంటారు. దాన్ని చేత్తో తిప్పితేనే ముందు చక్రాలకి ఇంజను బలం అందుతుంది. మిగతా డ్రైవర్లు వానాకాలం మొదట్లో ఒకసారి దాన్ని తిప్పి, దీపావళి దాకా మళ్ళీ ముట్టుకోరు. సన్యాసయ్య గారి దగ్గర ఆ ఆటలు సాగవు. "గెడ్డ గెడ్డకీ దిగాల" అనేవారు. దిగి, రెండు హబ్బులూ తిప్పి, చేతికంటిన బురద ఆ గెడ్డలోనే కడుక్కుని ఎక్కాలి. దాటాక మళ్ళీ దిగి, వదులు చెయ్యాలి. ఎందుకని గౌరీసు మొదటి ఏడాదిలోనే అడిగాడు. గురువుగారు ఎక్కమన్నారు, వాడు ఎక్కాడు, ఏమీ అర్థం కాలేదు. ముసలాయనకి డీజిలు పొదుపని చాటున తిట్టుకుని ఊరుకున్నాడు.

కొత్త బండిలో ఆ బాధ లేదు. సీట్లో కూర్చునే గుండ్రటి మీట ఒకటి తిప్పితే చాలు, నాలుగు చక్రాలకీ బలం వచ్చేస్తుంది. మొదటి నాలుగు గెడ్డల్లో మడమ లోతు నీళ్ళే. గౌరీసు నాలుగుసార్లు మీట తిప్పాడు, నాలుగు గెడ్డలూ దాటించాడు. ప్రతిసారీ ఎవరో తన చేతిలో అన్నం ముద్ద లాక్కున్నట్టే ఉంది వాడికి. గురువుగారు టోపీ చెవుల మీదికి లాక్కుని కూర్చున్నారు.

అయిదోది పెద్ద గెడ్డ. మలుపు తిరిగేసరికి ఎర్రటి నీళ్ళు ఒడ్డు నుంచి ఒడ్డు దాకా పరుగెడుతున్నాయి. ముందురోజు సాయంత్రం అక్కడ చక్రాలు సరిగ్గా తడవను కూడా లేదు. ఆ నీళ్ళు చూడగానే గౌరీసు తను ఏ బండిలో ఉన్నదీ మర్చిపోయాడు. కాలు బ్రేకు తొక్కింది, చెయ్యి తలుపు తీసింది, మనిషి దిగిపోయాడు. ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, బిళ్ళ మీద అరచెయ్యి వేసి తిప్పాడు. అది తిరగలేదు. బలంగా తిప్పాడు. తిరగడానికి అక్కడ హబ్బు లేదు, బురద పట్టిన నున్నటి మూత ఒకటి ఉంది.

"బాబాయ్, ఏటి వెతుకుతున్నావు?" అంది గురుబారి కిటికీలోంచి.

అయిదుగురూ కిలకిలా నవ్వారు. గౌరీసు ముఖం కందగడ్డ అయిపోయింది. పద్దెనిమిదేళ్ళ అనుభవం పదిహేనేళ్ళ పిల్లల ముందు నవ్వులపాలైంది. వెంటనే ఎక్కి కూర్చోవడానికి మొహం చెల్లలేదు. చేతికి బురద అంటుకుంది కదా, అదే సాకు పెట్టుకుని, కడుక్కోవడానికి నీళ్ళ అంచుకి వెళ్ళాడు.

చెయ్యి నీళ్ళలో పెట్టాడు, లాగుడు తెలిసింది. వంగినవాడు అలాగే చూశాడు. రోజూ వెళ్ళే దారి ఎదురుగానే ఉంది. చక్రాల జాడలు నేరుగా నీళ్ళలోకి దిగి, అవతలి ఒడ్డున పైకి లేస్తున్నాయి. ఆ రెండింటి మధ్య ఒకచోట నీళ్ళు నున్నగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. గెడ్డ గొడవ చేసేచోట రాయి పైకి ఉంటుందనీ, నోరు మూసుకున్నచోట లోతు ఉంటుందనీ ఏ పుస్తకంలోనూ చదవలేదు వాడు. వేలసార్లు చెయ్యి కడుక్కున్నవాడికి అది తెలుసు, అంతే. ఒక రాయి తీసి అక్కడికి విసిరాడు. గుడుంగుమని మునిగింది, కింద రాయికి తగిలిన చప్పుడే రాలేదు. రాత్రి వానకి గెడ్డ ఆ దారిని తవ్వుకుపోయింది.

గౌరీసు వెనక్కి తిరిగి బండి వైపు చూశాడు. పద్ధతిగా సీట్లో కూర్చుని మీట తిప్పి ఉంటే, జాడలు పట్టుకుని తిన్నగా అందులోకే దింపేవాడు. వెనక అయిదుగురు ఎవరి పిల్లలో, ఏ ఇంటి నుంచి వచ్చారో పేరుపేరునా తెలుసు వాడికి. ఇవతల వాళ్ళ అమ్మలు బొట్టు పెట్టి పంపించిన మొహాలు, అవతల హాస్టలు గేటు దగ్గర ఎదురుచూసే వార్డెనమ్మ. ఎనిమిదిన్నర కావస్తోంది. చుట్టుతిరిగి వేరే దారిన పోతే మూడు గంటలు.

ముప్ఫై అడుగులు ఎగువకి నడిచాడు. అక్కడ గెడ్డ వెడల్పుగా పరుచుకుని గులకరాళ్ళ మీద గలగలమంటోంది. కర్ర ఒకటి విరుచుకుని, పొడుచుకుంటూ అవతలి దాకా వెళ్ళొచ్చాడు. మోకాలి లోతు, అడుగు గట్టి. కానీ అవతలి ఒడ్డు మనిషెత్తు, అన్నీ తడిసిన బండరాళ్ళు. పన్నెండేళ్ళ కింద ఒకసారి పచ్చ జీపుని ఆ ఒడ్డు ఎక్కించబోయాడు. సగంలో చక్రం జారి జీపు వెనక్కొచ్చి నీళ్ళలో పడింది. మనుషులకేమీ కాలేదు గానీ ఆ కుదుపుకి గురువుగారి పళ్ళసెట్టు గెడ్డపాలైంది. ఆ తరవాత అటువైపు కన్నెత్తి చూడలేదు. పచ్చ జీపే ఉండి ఉంటే ఈ పూట వెనక్కి తిప్పేవాడు, పరీక్ష పోయినట్టే.

వచ్చి గురువుగారి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మామూలు దారి తెగిపోయిందని చెప్పాడు. ఎగువ నుంచి ఎక్కిస్తానన్నాడు.

గురువుగారు ఆ ఒడ్డు వైపు తల తిప్పారు. ఆ మసక కళ్ళకి ఎంత కనిపించిందో ఏమో, నోట్లోంచి పళ్ళసెట్టు తీసి, జేబురుమాల్లో చుట్టి, చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టుకుని గుండీ పెట్టుకున్నారు. గౌరీసుకి ఆ అనుమతి చాలింది.

మీటని ఆఖరి గీత దాకా తిప్పాడు. బండి నీళ్ళలోకి దిగింది. గౌరీసు అద్దం దింపి, టైర్ల కింద గులకరాళ్ళ చప్పుడు వింటూ, చప్పుడున్న వైపే తోలాడు. నీళ్ళు తలుపు అంచు దాకా వచ్చి వెనక్కి తగ్గాయి. అవతలి ఒడ్డు వచ్చింది. ముక్కు పైకి లేచింది, ఎదుట ఆకాశం తప్ప ఏమీ లేదు. వెనక సూత్రాలు ఆగిపోయాయి.

సరిగ్గా సగంలో, పన్నెండేళ్ళ కింద జారినచోటే, ఎడమ చక్రం జారింది. గౌరీసు కాలికి తెలిసిన మందు ఒక్కటే, బలంగా తొక్కడం. తొక్కబోయి ఆగాడు. చక్రం జారగానే బండే దాన్ని పట్టి ఆపి, బలమంతా మిగతా మూడింటికీ పంచుతోంది. ఆ పట్టు సీట్లోంచి వెన్నులోకి తెలుస్తోంది. తెలియనిదాన్ని నమ్మడం ఎంత కష్టమో ఆ రెండు క్షణాల్లో తెలిసింది వాడికి. కాలు కదపకుండా ఉండిపోయాడు. జారిన చక్రం ఒక రాయిని దొరకబుచ్చుకుంది. బండి కొలిచినట్టు ఒక్కో రాయే ఎక్కి, ముందు చక్రాలు ఒడ్డు దాటించి, వంగి, చదునైన నేల మీద నాలుగు కాళ్ళూ మోపి నిలబడింది.

పిల్లలు పెట్టిన కేక కొండంతా వినపడి ఉంటుంది. వాళ్ళకంటే గట్టిగా కేక పెట్టింది గౌరీసే. పద్దెనిమిదేళ్ళలో అలాంటి సంతోషం ఎరగడు వాడు. దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఆ తెల్లటి బానెట్టు మీద మొదటిసారి చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు.

తొమ్మిదింబావుకి హాస్టలు ముందు ఆగారు. వార్డెనమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినీ తడిమి చూసుకుని, హాలుటిక్కెట్లు చేతుల్లో పెట్టి, ఎదురుగా ఉన్న పరీక్ష బడికి తరిమింది. గురుబారి గేటు దాకా పరుగెత్తి, వెనక్కి తిరిగి చెయ్యూపి, లోపలికి పోయింది. ఆ తరవాతే గేటు మూశారు.

టీ బడ్డీ దగ్గర గురువుగారు జేబు గుండీ విప్పి, పళ్ళసెట్టు కడుక్కుని పెట్టుకున్నారు. రెండు టీలు వచ్చాయి. గౌరీసు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున అడిగింది గురువుగారికి గుర్తుందో లేదో వాడికి తెలియలేదు. మళ్ళీ అడగడానికి మొహమాటపడి, వేరే సంగతి ఎత్తుకున్నాడు. పిల్లల ముందు పరువు పోయిందనీ, ఈ బండికి హబ్బు లేదన్న సంగతే గుర్తు రాక వెర్రివాడిలా దిగిపోయాననీ చెప్పుకున్నాడు.

గురువుగారు టీ పూర్తిగా తాగారు. గ్లాసు కింద పెట్టారు.

"లేనిదాని కోసం దిగావు," అన్నారు. "రేపు కూడా దిగు."