జోలమ్మ అలిగిన ఇల్లు

అనగనగనగా, వాగు వంపు తిరిగే చోట ఒక ఊళ్ళో ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో నాంచారి అని ఒక కోడలు పిల్ల. ఆవిడకి ఐదు నెలల పాప. నాంచారి వయసులో చిన్నదే గానీ పంతంలో మాత్రం అందరికంటే పెద్దది.

ఊ కొడుతున్నావా? కొట్టు మరి. నువ్వు ఊ కొట్టకపోతే కథ దారి తప్పుతుంది.

నీకో రహస్యం చెప్పనా? ప్రతి ఇంటి దూలం మీదా ఒక జోలమ్మ ఉంటుంది. బొటనవేలంత ముసలమ్మ. వీపు మీద దూదిమూట. ఇల్లు సద్దుమణిగాక ఆవిడ మెల్లమెల్లగా కిందికి దిగి, పసిపిల్లల రెప్పల మీద ఒక్కో దూదిపింజ పెడుతుంది. దాన్నే మనం కునుకు అంటాం.

ఉగాది ఇంకో వారం ఉందనగా నాంచారి అత్తగారు అచ్చమాంబ చెల్లెలి ఊరికి ప్రయాణమైంది. "పండగ పొద్దుటికి వచ్చేస్తా. ఈలోగా ఇల్లు దులిపి పెట్టు అమ్మాయ్" అని చెప్పి బండెక్కింది.

అంతే, నాంచారి కొంగు బిగించింది. అత్తయ్య వచ్చి చూస్తే ఇంట్లో వంక పెట్టడానికి ఇంత చోటు కూడా దొరక్కూడదు అనుకుంది. అలా అనుకోవడం తప్పేం కాదులే. సంతకి పోయి మూడు సీసాలు కొనడమే తప్పు. గచ్చు కడగడానికి ఎర్ర సీసా, ఇత్తడి తోమడానికి పచ్చ సీసా, పురుగుల మీద కొట్టడానికి నీలం సీసా.

అప్పుడు చూడాలి ఆ ఇల్లు! గచ్చు తళతళ, బిందెలు ధగధగ. కానీ అబ్బ, ఆ ఘాటు! చీమలు బారులు తీరి వెళ్ళిపోయాయి. చూరు కింది పిచ్చుకలు ఎగిరిపోయాయి. ఆ తర్వాత దూలం మీద జోలమ్మ కూడా మూట సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు పాపకి కునుకు పట్టలేదు. మర్నాడూ పట్టలేదు. మూడోనాడూ పట్టలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, ఒకటే తుమ్ములు, పాలు కూడా తాగడం మానేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. అది చూసి నాంచారి ప్రాణం విలవిల్లాడింది.

అప్పుడు పాపని భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళింది. వేపచెట్టు పూత మీద ఉంది. ఒకటీ అరా పూలు రాలుతున్నాయి. కొమ్మ మీద నుంచి ఆవగింజంత తుమ్ము వినిపించింది. తలెత్తి చూస్తే జోలమ్మ!

"ఇంట్లోకి రావమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది నాంచారి.

"నా కాళ్ళు నీ వేళ్ళకి దొరకవు గానీ, ముందు ఆ ఘాటు వదిలించు. కళ్ళు మండిపోతున్నాయి. సీసాల్లో మిగిలింది మాత్రం కాలవలో పొయ్యకు. వాగులో చేపలకీ పిల్లలుంటాయి" అంది జోలమ్మ.

నాంచారి వెంటనే సీసాలకి మూతలు బిగించి, మొగుడు ఎల్లమంద చేతికిచ్చి సంతకి తిప్పి పంపింది. తలుపులన్నీ బార్లా తెరిచింది. కుంకుడుకాయలు కొట్టి నానబెట్టి, ఆ నురగతో గచ్చు కడిగింది. చింతపండూ ఉప్పూ వేసి బిందెలు తోమింది. ఇల్లంతా పుల్లపుల్లగా, చల్లచల్లగా అయింది. జోలమ్మ కొమ్మ దిగి కిటికీ దాకా వచ్చింది.

అక్కడితో ఆగిందా మన నాంచారి? ఊహూఁ. దోమలు రాకూడదని ఎండు వేపాకు పొగ వేసింది. గుప్పెడు చాలు కదా, గంపెడు వేసింది! ఇంట్లో ఎవరి మొహం ఎవరికీ కనిపించలేదు. పాప దగ్గింది, ఎల్లమంద దగ్గాడు. జోలమ్మ దగ్గుతూ మళ్ళీ చెట్టెక్కేసింది.

"మంచిదని చెప్పి గంపలకొద్దీ వేస్తారటే!" అని పైనుంచి గొణిగింది.

మర్నాటికి పొగ తేలిపోయింది. ఎండ చల్లబడింది. జోలమ్మ ఈసారి దూలం దాకా వచ్చి కూర్చుంది. నాంచారికి ప్రాణం లేచొచ్చింది. ఉయ్యాల వైపు చూసింది. చూస్తే ఏముంది! ఉయ్యాల పైన, దూలం మూల, సన్నగా ఒక సాలెపోగు వేలాడుతోంది.

చెయ్యి దానంతటదే బూజుకర్ర మీదికి పోయింది.

"ఆగు! నేను కిందికి దిగే దారి అదే" అంది జోలమ్మ.

తెల్లవారితే పండగ. అత్తయ్య గడపలో అడుగు పెట్టగానే ముందు చూసేది దూలాన్నే. బూజు ఉన్న ఇల్లు ఎవరిది అంటే కోడలి పేరే చెప్తారు. ఇటు చూస్తే ఉయ్యాల్లో పాప, ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరికే పెదవి విరుస్తోంది.

నాంచారి బూజుకర్రని చప్పుడు కాకుండా గోడకి ఆనించింది. పేరు పోతే పోనీ అనుకుని ఉయ్యాల పక్కన కూలబడింది.

అప్పుడు జోలమ్మ ఆ పోగు పట్టుకుని ఊగుతూ, ఊగుతూ దిగింది. పాప రెప్పల మీద ఒక్కో పింజ పెట్టింది. పోబోతూ వెనక్కి తిరిగి, తల్లి మొహం చూసి జాలిపడింది. ఆవిడ రెప్పల మీద రెండేసి పెట్టింది. పాప పడుకుంది. ఉయ్యాల తాడు పట్టుకునే తల్లి కూడా పడుకుంది.

పండగ పొద్దుటికి వస్తానన్న అచ్చమాంబ ఒక పూట ముందే బండి దిగింది. పెరట్లో సగం గిన్నెలు తోమకుండా ఉన్నాయి. వసారా కడగనే లేదు. దూలం మూల సాలెపోగు ఎండకి మెరుస్తోంది. ఎల్లమంద గుమ్మంలోనే బిక్కచచ్చి నిలబడ్డాడు.

అచ్చమాంబ అన్నీ చూసింది. చెప్పులు విడిచి, పెరట్లోకి వెళ్ళి, గాజులు పైకి తోసుకుని, చప్పుడు కాకుండా ఆ గిన్నెలన్నీ తోమి బోర్లించింది.

సందెవేళ నాంచారి ఉలిక్కిపడి లేచింది. ఎదురుగా అత్తగారు!

"అత్తయ్యా, గిన్నెలూ వసారా మిగిలిపోయాయి, పైగా ఆ మూల..." అంటూ ఏడుపు గొంతుతో మొదలుపెట్టింది.

"ష్, పాప లేస్తుంది" అంది అచ్చమాంబ, కోడలి చెదిరిన జుట్టు సవరిస్తూ. "ఆ మూల నేనూ ఎప్పుడూ దులపలేదే అమ్మాయ్. నీ మొగుణ్ణి ఆ మూల కిందే నిద్రపుచ్చాను."

కథేమో కంచికి నడిచింది,
తామర రేకులు ముడిచింది,
ఊ కొట్టే గొంతు ఆగింది,
ఊరంతా నిద్దట్లో తూగింది.