అగాతా చేతులు

లివియోకి ఒళ్లు మండిపోతోంది. నెల దాటినా తను తీసిన షాట్ గురించి గురువు నోటి నుంచి ఒక్క మంచి మాట రాలేదు.

రోమ్‌లో ఆ షాట్ చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. కెమెరామన్ అతన్ని కావలించుకున్నాడు. నిర్మాత కళ్లు తుడుచుకున్నాడు. గురువు, ముసలి దర్శకుడు ఓరెస్తే మాత్రం ఒక్కటే అడిగాడు.

"ఆవిడకి ఏం చెప్పావు?"

"సన్నివేశం వివరించాను మాస్ట్రో. అంతే."

ఓరెస్తే కాసేపు దగ్గి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మనం గురువుగారూ అన్నట్టు ఇటలీలో పెద్ద దర్శకుణ్ణి మాస్ట్రో అంటారు. ఓరెస్తేకి ఆ పిలుపు ఊరికే రాలేదు. స్టూడియోలో మేకులు కొట్టే పనితో మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి తిండి దొరకని రోజుల్లో, ఎవరెవరో వాడగా మిగిలిన ఫిల్ము ముక్కలు ఏరుకొచ్చి, వీధిలో మనుషులతో వీధిలోనే సినిమా తీశాడు. మన దరిద్రాన్ని ఊరూరా చాటుతావా అని సొంత దేశంలో తిట్టారు. పరాయి దేశాలవాళ్లు మెచ్చుకున్నాక, తిట్టిన నోళ్లే పొగిడాయి. పొగడ్తలతో కడుపు నిండదు కాబట్టి మధ్యలో కొన్నేళ్లు చవకబారు హాస్య సినిమాలు తీశాడు. వాటి పేరెత్తితే ఇప్పటికీ కొట్టడానికొస్తాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇదే చివరి సినిమా అని తెలిసి, పాలరాతి క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్ల మీద తీస్తున్నాడు.

ఇది సరిగ్గా పూర్తయితే తర్వాతి సినిమా నువ్వే తీద్దువుగాని, నిర్మాతకి నేను చెప్తాను అని లివియోకి మాటిచ్చాడు. ఆ ఒక్క మాట కోసం లివియో ఏళ్ల తరబడి సహాయకుడిగా అతని పెట్టెలు మోశాడు, అతని తిట్లు తిన్నాడు. అందుకే ఇప్పుడీ మౌనం అతనికి నిప్పులా తగులుతోంది.

ఆ షాట్ తీసిన రోజున ఓరెస్తేకి జ్వరం. కొండ కింద పట్నంలో పడుకుని, తల్లి సన్నివేశం నువ్వు తీసెయ్ అని లివియోకి కబురు పంపాడు. కొడుకు బండరాయి కింద పడి చనిపోయాడని తల్లి గుమ్మంలో నిలబడి వింటుంది. అంతే సన్నివేశం.

తల్లి వేషం వేసిన అగాతా నటి కాదు. ఆ కొండ ఊరి మనిషే. ఆమె కొడుకు నిజంగానే క్వారీలో పనిచేస్తాడు. ఓరెస్తే వాళ్లింట్లో కూర్చుని, వాళ్లు పెట్టిన రొట్టె తిని, ఆమెని ఒప్పించాడు.

పొద్దున తల దువ్వించుకుంటూ ఆమె లివియోతో కబుర్లు చెప్పింది. ఇవాళ మా బెప్పే లేవనని మొరాయించాడు నాయనా, ఒళ్లు వెచ్చగా ఉందన్నాడు, దుప్పటి లాగేసి పనికి తరిమాను, వాడికి సాకులెక్కువ అని నవ్వింది.

తర్వాత కెమెరా ముందు నిలబెడితే కొయ్యబారిపోయింది. లివియో దుఃఖం గురించి ఎంతో చెప్పాడు. తల్లి మనసు, కొండ కఠినత్వం, పేదవాడి చావు, అన్నీ చెప్పాడు. ఆమె బుద్ధిగా వింది. వినేసి, సిగ్గుపడుతూ కెమెరా వంక చూసింది.

"ఏడవమంటే ఏడుపెలా వస్తుంది నాయనా? మా ఇంట్లో ఎవరూ పోలేదుగా," అంది.

ఎండ దిగిపోతోంది. తెచ్చిన ఫిల్ము అయిపోవస్తోంది. లివియో ఆమె దగ్గరికెళ్లి చెవిలో చెప్పాడు. పైన బండ జారింది, మీ బెప్పే దాని కింద ఉన్నాడు. చెప్పి, కెమెరాకి సైగ చేశాడు.

షాట్ అయ్యాక నవ్వుతూ ఆమె చేతులు పట్టుకున్నాడు. ఉత్తదేనమ్మా, మీవాడికేం కాలేదు అన్నాడు. ఆమె చేతులు విడిపించుకుంది. ఎవరితోనూ మాట్లాడకుండా, కాళ్లకి చెప్పులైనా లేకుండా, కొండెక్కి పోయింది. కొడుకుని చూసుకుంటే ఆవిడే కుదుటపడుతుందిలే అనుకున్నాడు లివియో. అనుకుని, మరిచిపోయాడు.

ఆ రోజుల్లో ఇటలీలో షూటింగులో గొంతులు రికార్డు చేసేవారు కాదు. కెమెరా తిరుగుతుంటే దర్శకుడు కేకలేసేవాడు, నటులు నోటికొచ్చింది అనేవాళ్లు. మాటలన్నీ తర్వాత డబ్బింగులో పెట్టేవారు. షాట్ ఉన్న ఫిల్ము ముక్కని రెండు కొసలూ కలిపి రింగులా అతికించి మెషీన్‌కి తగిలిస్తే, గొంతు కుదిరేదాకా అదే షాట్ మళ్లీ మళ్లీ తెర మీదికొస్తూనే ఉంటుంది.

అగాతాకి గొంతివ్వడానికి నాటకాల్లో పేరున్న లియొనిల్దా వచ్చింది. మాటలు లివియో రాశాడు: "ఓ ధవళ పర్వతమా, నా కడుపు తీపిని మింగి ఇంకా తెల్లగానే నిలిచావా?" కొడుకు పోయాడని విన్న ఏ తల్లీ ఈ భూమ్మీద అలా మాట్లాడి ఉండదు. రాసినవాడికి మాత్రం కన్నీళ్లొచ్చాయి.

లియొనిల్దా చాలాసార్లు ప్రయత్నించింది. చివరికి కాగితం బల్ల మీద పడేసింది.

"మీరేమో ఓ అని నోరు తెరవమంటారు. ఆవిడేమో మొదట్లోనే పెదాలు మూస్తోంది. ఏం చెయ్యమంటారు నన్ను?"

లివియో మాటలు కుదించాడు, అటూ ఇటూ మార్చాడు. ఏదీ కుదరలేదు. వెనక వరుసలో కూర్చుని దగ్గుతున్న ఓరెస్తే లేచి, లియొనిల్దాకి దండం పెట్టి, ఇవాళ్టికి చాలమ్మా అని పంపించేశాడు. తర్వాత శిష్యుడి వైపు తిరిగాడు.

"మైకు దగ్గరికి నడు."

"నేనా? అది ఆడగొంతు కదా మాస్ట్రో."

"గొంతు అలా ఉంచు. ఆవిడ ఏమంటోందో చెప్పు."

"ఆ రోజు శబ్దం పట్టలేదు కదా. నాకెలా తెలుస్తుంది?"

"పక్కనే నిలబడ్డావు."

నిజమే. చెయ్యి చాపితే అందేంత దగ్గర. కానీ ఆ క్షణంలో లివియో చూసింది ఆమె చెంప మీద పడ్డ వెలుగుని.

"వినలేదు," అన్నాడు.

"తిప్పవయ్యా," అని ఓరెస్తే ఆపరేటర్‌కి కేకేశాడు.

రింగు తిరిగింది. తెర మీద అగాతా గుమ్మంలో నిలబడింది, వింది, ఏడ్చింది. మళ్లీ నిలబడింది, మళ్లీ వింది. లివియోకి కోపం నషాళానికి అంటింది. ముసలాడికి కడుపుమంట. శిష్యుడు తీసిన షాట్ తన సినిమాలో గొప్పదయి కూర్చుందని ఏడుపు. ఇక ఉండబట్టలేక పైకే అనేశాడు.

"ఒప్పుకోండి మాస్ట్రో. మీ సినిమాలన్నీ వెతికినా ఇలాంటి షాట్ లేదు."

"లేదు," అన్నాడు ఓరెస్తే. "తిప్పవయ్యా."

చేసేది లేక లివియో తెర వంక చూశాడు. అందరూ పొగిడిన ఆ చేతులు. గాలిలో తల్లడిల్లే చేతులు, ఏ నటికీ రాని అభినయం అన్నారు. ఇప్పుడు చూస్తే అవి తల్లడిల్లడం లేదు. నడుం దగ్గర గాలిలో దేన్నో పట్టుకుంటున్నాయి. మెల్లగా పైకి లాగుతున్నాయి. అక్కడ పరిచి, మెత్తగా తడుతున్నాయి.

రింగు మళ్లీ తిరిగింది. పెదాలు కలిశాయి, విడిపోయాయి, మళ్లీ కలిశాయి. బెప్పే.

దుప్పటి. ఆమె దుప్పటి కప్పుతోంది.

ఆ తర్వాతి మాటలు వెతుక్కోవలసిన పని లేకపోయింది. లివియో మైకు దగ్గర నిలబడి, మళ్లీ ఆమె మొహం వచ్చేదాకా ఆగాడు.

"బెప్పే, లేవకు నాయనా. పడుకో."

మాట పెదాల మీద అతికినట్టు కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే ఆపరేటర్ మెషీన్ ఆపేశాడు.

ఓరెస్తే వెనక నుంచి వచ్చాడు. నెల కిందటి ప్రశ్నే మళ్లీ అడిగాడు.

"ఆవిడకి ఏం చెప్పావు?"

ఈసారి లివియో చెప్పాడు. ఆమె చెవిలో ఎన్ని మాటలన్నాడో అన్నే మాటలు.

ఓరెస్తే తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది లివియోకి. ముసలాయన మెషీన్ మీంచి ఆ రింగు తీసి, చుట్ట చుట్టి, శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఇది సినిమాలో ఉండాలా వద్దా అన్నది ఆవిడ చెప్పాలి."

వద్దంటే సినిమాకి గుండెకాయ లాంటి ముక్క పోతుంది. దానితో పాటు ఇంకేం పోతుందో లివియోకి తెలుసు. తర్వాతి సినిమా సంగతి ఇవాళ అడిగి తేల్చుకోవాలనే పొద్దున ఇంటి నుంచి బయల్దేరాడు. అడగలేదు.

"రేపే వెళ్తాను మాస్ట్రో."

ఓరెస్తే టోపీ పెట్టుకుంటూ ఆగాడు.

"రేపు వద్దు. ఆదివారం వెళ్లు. బెప్పే ఇంట్లో ఉంటాడు."