ఒకే చాప మీద

"మన్సూర్! సుల్తానుగారి కొడుకు మన్సూర్!"

బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపుకి మన్సూర్ చెప్పులు విప్పి సభలోకి వచ్చాడు.

ఏడు సముద్రాలకు ఇవతల, అనగా అనగా ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉండేది. మంగళవారం నాడు ఎవరైనా ఎవరి మీదైనా ఫిర్యాదు చేయొచ్చు. సుల్తాను కొడుకైనా సరే, ఫిర్యాదు చేసినవాళ్ళ పక్కనే, ఒకే చాప మీద నిలబడాలి.

సేవకుడు యువరాజు కోసం తివాచీ తెచ్చాడు. "తీసెయ్" అన్నాడు సుల్తాను, కొడుకు వైపు చూడకుండా. ఆ రోజు ఆయన తండ్రి కాడు.

చాప మీద ముసలి సకీనా ఉంది. పడవ నడిపే ఇద్రీస్ తల్లి.

"ఏమిటమ్మా నీ గోడు?" అన్నాడు తీర్పు చెప్పే ఖాజీ.

"అయ్యా, యువరాజుగారు మాంత్రికుణ్ణి చంపి, చెరలో ఉన్న రాకుమారిని తెచ్చారు. పడవ నడిపిన నా కొడుకు మాత్రం రాలేదు. భయపడి పారిపోయాడని చెప్పారట. అప్పట్నించి నా గుమ్మం తొక్కేవాళ్ళు లేరు. మావాడికి పుట్టుకతోనే ఒక కాలు పొట్టి అయ్యా. జన్మలో పరుగెత్తి ఎరగడు. పారిపోయాడంటే ఎలా నమ్మను?"

మన్సూర్‌కి మాంత్రికుడుండే ఏడో దీవి కళ్ళ ముందు కదిలింది. మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంది. ఆ చిలుక మనిషి గొంతుతో అంది: "నన్ను చంపినవాడు రాయైపోతాడు. వాడు చేసిన పని వాడి తల్లి ఎదుట చెబితేనే మళ్ళీ మనిషవుతాడు." పంజరం దాకా చాచిన చెయ్యి మన్సూర్ వెనక్కి తీసుకున్నాడు. ఇద్రీస్ కుంటుకుంటూ ముందుకొచ్చాడు. "పక్కకి జరగండి హుజూర్. మా అమ్మతో మీరు చెబుతారుగా" అని పంజరంలో చెయ్యి పెట్టాడు.

చెబుదామనే దీవి నుంచి తిరిగొచ్చాడు మన్సూర్. రేవులో డప్పులు మోగాయి, పూలు కురిశాయి. మాంత్రికుణ్ణి చంపినవాడికే రాకుమారినిస్తామన్నారు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆరు నెలలైంది. ఇన్ని దండల మధ్య మనసు విప్పడానికి ఒక్కరూ లేరు. ఉన్న ఒక్క స్నేహితుడూ అక్కడ రాయై వానకు తడుస్తున్నాడు. రోజూ పొద్దున్నే టపా పావురం కిటికీలో వాలి అడిగేది:

"సకీనమ్మకి ఏం కబురు తీసుకెళ్ళను?"

"ఏమీ లేదు."

"నిన్నా అదే అన్నావు" అని ఎగిరిపోయేది.

ఎల్లుండి పోతే శుక్రవారం. ఆ రోజే పెళ్ళి.

"ఆమె చెప్పింది విన్నావా?" అన్నాడు ఖాజీ. మన్సూర్ తల దించుకున్నాడు. "నువ్వు చెప్పేదేమైనా ఉందా?" మూడోసారి అడగబోతుంటే, పక్కనున్న ముసలామె అతని చెయ్యి పట్టుకుని నీడలోకి లాగింది.

"ఇలా జరుగు నాయనా. నీ మీద ఎండ పడుతోంది."

మన్సూర్ ఆ చెయ్యి వదల్లేకపోయాడు. సభంతా వినేలా అన్నాడు:

"అమ్మా, ఇద్రీస్ పారిపోలేదు. చిలుకను చంపింది ఇద్రీసే. నేను పక్కకి జరిగాను."